జైలు తలుపు తెరిచే ఫైలులో చనిపోయినవాళ్ల ఇంటి మాట ఏది?

తెలంగాణ ముఖ్యమంత్రి, హోం శాఖను కూడా తన దగ్గరే ఉంచుకున్న శ్రీ ఎ. రేవంత్‌రెడ్డి గారికి,



2024 జులై 3న చర్లపల్లి జైలు నుంచి 213 మంది ఖైదీలు ఇళ్లకు బయల్దేరారు. వాళ్లలో 205 మంది యావజ్జీవ శిక్ష పడ్డవాళ్లు. 35 మంది ఆడవాళ్లు. ప్రజావాణికి వచ్చి కుటుంబాలు పెట్టుకున్న అర్జీలతో కదిలిన ఆ ఫైలు, అప్పటి గవర్నర్ సి.పి. రాధాకృష్ణన్ ఆమోదంతో పూర్తయింది. అధికారంలోకి వచ్చిన ఏడు నెలలకే మీ ప్రభుత్వం చేసిన ఆ పని మంచిదే. ఏళ్లకేళ్లు లోపల గడిపి, ఒక చేతిపని నేర్చుకుని, జైళ్ల శాఖ పెట్రోల్ బంకులో నిలబడి నిజాయితీగా పని చేసిన మనిషిని చచ్చేదాకా అక్కడే ఉంచితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఈ లేఖ ఆ విడుదలను తప్పుపట్టడానికి రాస్తున్నది కాదు.

అడగాల్సింది వేరే ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్ల గురించి పత్రికలు రాశాయి, టీవీలు చూపించాయి. ఆ కేసుల్లో చనిపోయినవాళ్ల ఇళ్లకు కబురు ఎలా చేరింది? టీవీలో చూసి తెలుసుకున్నారా? బస్టాండులో మనిషి ఎదురుపడితే తెలిసిందా? వాళ్లకు ముందుగా చెప్పి తీరాలని, వాళ్ల మాట విని రాసుకోవాలని శిక్ష తగ్గింపు గురించి చెప్పే చట్టంలో ఒక్క వాక్యం లేదు.

ఈ మాట వరంగల్ నుంచే రావడానికి కారణం ఉంది.

2008 డిసెంబర్‌లో ఈ ఊళ్లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒక అమ్మాయి ప్రాణం దక్కలేదు. నిందితులు ముగ్గురూ మూడు రోజులు తిరక్కముందే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పటి ఎస్పీ వి.సి. సజ్జనార్‌కు కాలేజీ పిల్లలు పూలదండలు వేశారు, ఊరంతా చప్పట్లు కొట్టింది. పదకొండేళ్ల తర్వాత, 2019 డిసెంబర్ 6న, దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర అలాగే చనిపోయినప్పుడు సైబరాబాద్ కమిషనర్‌గా ఉన్నదీ ఆయనే. మళ్లీ పూలు, మళ్లీ చప్పట్లు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథను నమ్మలేదు. చంపాలనే కాల్చారని 2022లో తేల్చి చెప్పింది.

ఆ చప్పట్ల వెనక కసి ఒక్కటే లేదు. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది, శిక్ష పడ్డా ఎవరో ఒక నాయకుడు పెరోల్ ఇప్పిస్తాడు, ఏ ఆగస్టు 15కో జనవరి 26కో సత్ప్రవర్తన పేరుతో బయటికొస్తాడు అన్న మాట ఇక్కడి చాయ్ హోటళ్లలో, కోర్టు ఆవరణలో, ఇళ్లలో ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. శిక్ష మీద నమ్మకం పోయిన చోట తూటా మీద నమ్మకం పెరుగుతుంది. పెరోల్ గురించి మాట్లాడటం అంటే ఖైదీల సౌకర్యాల గురించి మాట్లాడటమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఈ అపనమ్మకం గురించిన మాట.

ఈ ఊరికి ఇంకో రెండు కేసులు గుర్తున్నాయి. 2019 జూన్‌లో హన్మకొండలో డాబా మీద అమ్మ పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పాపను ఎత్తుకుపోయి అత్యాచారం చేసి చంపారు. పోలేపాక ప్రవీణ్‌కు రెండు నెలలు నిండకుండానే, ఆగస్టు 8న, వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. అదే ఏడాది నవంబర్‌లో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జీవిత ఖైదుగా మార్చింది. ఆ మరుసటి సంవత్సరం, లాక్‌డౌన్ మధ్యలో, 2020 మే 21, 22 తేదీల్లో గీసుకొండ మండలం గొర్రెకుంటలో ఒక బావిలోంచి తొమ్మిది శవాలు తీశారు. బతుకుదెరువుకు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి గోనె సంచుల గోదాములో పని చేస్తున్న ఒకే కుటుంబంలోని ఆరుగురు, వాళ్లలో మూడేళ్ల పసివాడు. ఇద్దరు బిహార్ యువకులు. త్రిపుర మనిషి ఒకడు. అంతకుముందు మార్చిలో ఆ కుటుంబానికి బంధువైన ఒక స్త్రీని రైల్లోంచి తోసి చంపిన సంజయ్‌కుమార్ యాదవ్, ఆమె ఏమైందని నిలదీస్తున్నందుకు, అన్నంలో నిద్రమాత్రలు కలిపి అందరినీ బావిలో పడేశాడని దర్యాప్తులో తేలింది. అక్టోబర్ 28న అతనికీ వరంగల్ కోర్టు ఉరిశిక్షే వేసింది.

కింది కోర్టు వేసిన ఉరిశిక్ష చాలావరకు పై కోర్టులో యావజ్జీవమవుతుంది. 2000 సంవత్సరం తర్వాత దేశం మొత్తంలో అమలైన ఉరిశిక్షలు ఎనిమిదే. కాబట్టి ఎంత ఘోరమైన హత్య చేసినవాడైనా చివరికి చేరేది జైలుకే, అతని గురించిన నిర్ణయం చేరేది సచివాలయంలోని హోం శాఖకే. తీర్పు రోజున టీవీ కెమెరాల ముందు అందరూ మాట్లాడతారు. పదిహేనేళ్ల తర్వాత ఆ ఫైలు కదిలినప్పుడు మాట్లాడేది ఒక పోలీసు అధికారి, ఒక జైలు సూపరింటెండెంట్, ఒక సెక్షన్ ఆఫీసర్. కొన్నిసార్లు ఒక ఎమ్మెల్యే.

ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. పెరోల్ అంటే శిక్ష రద్దు కాదు. తల్లో తండ్రో చనిపోయినప్పుడో, బిడ్డ పెళ్లికో, మంచాన పడ్డ భార్యను చూడటానికో కొద్ది రోజులు బయటికి పంపి తిరిగి పిలిపించుకునే ఏర్పాటు. బయట గడిపిన ఆ రోజులు శిక్షలో కలవవు. శిక్ష తగ్గించి ముందే వదిలేయడం వేరు. అది భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 473వ సెక్షన్ కింద, లేదా రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్ పేరుతో జరుగుతుంది. ఉరిశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే 475వ సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లు లోపల ఉండి తీరాలి. గవర్నర్ అధికారానికి ఆ హద్దు కూడా లేదు.

మొదటి దాని విషయంలో ఈ లేఖ అభిప్రాయం స్పష్టం. పేరుమోసిన హత్య చేశాడన్న ఒక్క కారణంతో ఏ ఖైదీకీ పెరోల్ తలుపు శాశ్వతంగా మూసేయకూడదు. 2017లో అస్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే: నేరం తీవ్రమైనదైనంత మాత్రాన పెరోల్ కాదనకూడదు, అయితే ఖైదీ నడవడికనూ సమాజ క్షేమాన్నీ కలిపి తూచాలి. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును కూల్చి ఆ స్థలాన్ని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి కావాల్సిందే. కానీ లోపలున్నవాళ్లను చర్లపల్లికీ ఇతర జైళ్లకూ తరలించాక, ములుగు, భూపాలపల్లి పల్లెల్లోని ముసలి తల్లులకు ములాఖత్ అంటే ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీలు. నిజాం కాలం నాటి ఆ జైలులో తివాచీలు నేసిన చేతులను ఇంటికి కట్టిపడేసే దారం పెరోలే. అదీ తెగిపోయిన మనిషి ఏదో ఒక రోజు బయటికొస్తే, అతణ్ణి ఆపడానికి ఎవరూ మిగలరు.

మరి చిక్కెక్కడ ఉంది? ఎవరికిస్తున్నారు, ఎవరికివ్వడం లేదు అన్న దగ్గర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలోని రెండు కథలు పక్కపక్కన పెడితే ఇది అర్థమవుతుంది.

1993 మార్చి 8 తెల్లవారుజామున చిలకలూరిపేట దగ్గర ఒక ఆర్టీసీ బస్సును దోచుకోబోయి పెట్రోలు పోసి అంటించారు. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు దళిత యువకులకు గుంటూరు కోర్టు ఉరిశిక్ష వేసింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చిలో రాజమండ్రి జైలులో ఉరికి ముహూర్తం కూడా పెట్టారు. పౌరహక్కుల సంఘం వాళ్లు ఊరూరా తిరిగారు, రచయిత్రి మహాశ్వేతాదేవి సుప్రీంకోర్టుకు రాశారు, చివరి గడియల్లో స్టే వచ్చింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆ తర్వాత ఎన్ని ఆగస్టు 15లు వచ్చినా, ఎంతమంది విడుదలైనా, ఏళ్ల తరబడి ఆ రెండు పేర్లు జాబితాల్లోకి ఎక్కలేదు. జైలులో వాళ్లు ఎలా నడుచుకున్నారన్నది ఎవరికీ పట్టలేదు. కేసు పేరే వాళ్ల పేరైపోయింది.

రెండో కథ కర్నూలు జిల్లాది. తెలుగుదేశం కార్యకర్తలిద్దరి చావుకు కారణమైన కేసులో కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి పదేళ్ల శిక్ష పడింది. ఆయన భార్య అప్పుడు అధికార పార్టీ ఎమ్మెల్యే. ఇంకా ఏడేళ్ల దాకా మిగిలి ఉన్న శిక్షను గవర్నర్ సుశీల్ కుమార్ షిండే పేరుతో వచ్చిన ఉత్తర్వు తుడిచేసింది. ఆ ఫైలులోని అధికారుల నివేదికల్లో ఒక అర్హత కూడా రాసి ఉంది: ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని. చనిపోయినవాళ్లలో ఒకరి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2006 అక్టోబర్‌లో జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా ఆ ఉత్తర్వును కొట్టేశారు. కులం, మతం, రాజకీయ విధేయత చూసి క్షమాభిక్ష పెట్టకూడదని, గవర్నర్ నిర్ణయాన్ని కూడా కోర్టు పరిశీలించవచ్చని ఆ తీర్పు చెప్పింది. దేశమంతా ఇవాళ్టికీ ఉదహరించే తీర్పు అది, మన నేల మీద పుట్టింది.

ముఖ్యమంత్రి గారూ, గమనించాల్సింది ఒక్కటే. ఆ రోజు ఆ కొడుకు కోర్టు దాకా వెళ్లగలిగాడు కాబట్టి ఆ ఫైలులో ఏం రాశారో లోకానికి తెలిసింది. అంత ఓపిక, ఖర్చు, ధైర్యం లేని ఇళ్ల సంగతేమిటి?

ఇది తెలుగు రాష్ట్రాల జబ్బు మాత్రమే కాదు. జెస్సికా లాల్ హత్య కేసులో యావజ్జీవం పడ్డ మను శర్మ, తల్లికి ఒంట్లో బాగాలేదని 2009లో పెరోల్ మీద వచ్చి ఢిల్లీ నైట్‌క్లబ్‌లో కనిపించాడు. పత్రికా రచయిత రామ్ చందర్ ఛత్రపతి హత్య కేసులో 2019లో యావజ్జీవం పడ్డ గుర్మీత్ రామ్ రహీమ్, 2022లో పంజాబ్ ఎన్నికల ముందు 21 రోజులు, 2024లో హర్యానా పోలింగుకు మూడు రోజుల ముందు మళ్లీ 20 రోజులు బయట ఉన్నాడు. గుజరాత్‌లో బిల్కిస్ బానో కుటుంబాన్ని చంపిన 11 మందిని 2022 ఆగస్టు 15న వదిలేసి, జైలు గేటు ముందు మిఠాయిలు తినిపించారు. ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు తన క్షేమం గురించి ఎవరూ అడగలేదని ఆమె అన్న మాట మరిచిపోయేది కాదు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి వాళ్లను తిరిగి లోపలికి పంపింది. అసలు ఆ నిర్ణయం తీసుకునే అధికారం గుజరాత్ ప్రభుత్వానికి లేదని, విచారణ జరిగిన మహారాష్ట్రదేనని తేల్చింది.

బాధితులను అడిగితే ఎవరినీ వదలనివ్వరు, అందుకే అడగం అని అధికారులు చాటుగా చెప్పుకునే మాట ఒకటుంది. ఆ మాటలో నిజం తక్కువ. జెస్సికా చెల్లెలు సబ్రీనా, న్యాయం కోసం ఏళ్ల తరబడి పోరాడిన మనిషి, 2018లో మను శర్మ విడుదలకు తనకు అభ్యంతరం లేదని జైలు అధికారులకు రాసింది. రాజీవ్ గాంధీ హత్య కేసులో నళినికి ఉరి తప్పించమని అడిగినవాళ్లలో సోనియా గాంధీ ఉన్నారు. 2008లో ప్రియాంక వేలూరు జైలుకు వెళ్లి నళినితో మాట్లాడి వచ్చారు. క్షమించే హక్కు ఎవరికైనా ఉందంటే మొదట వాళ్లకే. వాళ్లను అడగకుండా ప్రభుత్వం వాళ్ల తరఫున క్షమించేయడం, వాళ్లను అడగకుండానే వాళ్ల పేరు చెప్పి కాదనడం, రెండూ అన్యాయమే.

కొత్త చట్టంలోనే ఒక వింత ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సంహిత 360వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం ఒక కేసును వెనక్కి తీసుకోవాలంటే కోర్టు బాధితుల మాట వినకుండా ఒప్పుకోకూడదు. బెయిల్ దశలో కూడా బాధితులకు మాట్లాడే హక్కు ఉందని లఖీంపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం ఇంకా రుజువు కాని దశలో వినాలట. రుజువై, శిక్ష పడి, దాన్ని తగ్గించే 473వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ కుటుంబం ఊసే లేదు. పార్లమెంటు దిద్దేదాకా ఆగక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం తన మార్గదర్శకాల్లో రాసుకుంటే చాలు, అందుకు మీ సంతకం సరిపోతుంది.

బహిరంగంగా వింటే ఎవరినిపడితే వాళ్లను వదిలేయాల్సి వస్తుందన్న భయమూ అక్కర్లేదు. నార్వేలో 2011లో 77 మందిని చంపిన బ్రెయివిక్ పదేళ్లు గడిచాక 2022లో పెరోల్ అడిగాడు. పత్రికల వాళ్ల ముందే విన్నారు, కారణాలు రాసి కాదన్నారు. చెప్పుకునే అవకాశం ఇచ్చినందుకు ఆ దేశంలో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అమెరికాలో మాన్సన్ ముఠా హత్యల్లో శిక్ష పడ్డ లెస్లీ వాన్ హౌటెన్ ఐదు దశాబ్దాలకు పైగా లోపలుండి 2023లో బయటికొచ్చింది. మధ్యలో విచారణ మీద విచారణ, ప్రతిసారీ చనిపోయినవాళ్ల బంధువులు వచ్చి తమ మాట చెప్పారు. ఆమె విడుదల వాళ్లకు నచ్చలేదు. కానీ ఎందుకు వదిలారో కాగితం మీద ఉంది.

ఇక అన్నిటికన్నా బరువైన ప్రశ్న. హన్మకొండ పాప కేసు లాంటి వాటి సంగతి? 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో, 2015లో శ్రీహరన్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. ఉరి వద్దనుకున్న చోట, శిక్ష తగ్గింపు వర్తించని జీవిత ఖైదును హైకోర్టూ సుప్రీంకోర్టూ వేయవచ్చని చెప్పింది. అలా చివరి శ్వాస దాకా అని హైకోర్టు రాసిన మనిషిని ఏ ప్రభుత్వమూ సత్ప్రవర్తన జాబితాలో చేర్చకూడదు. ఆ తల్లిదండ్రులకు న్యాయస్థానం ఇచ్చిన మాట అది. దాన్ని సచివాలయంలో మార్చే అధికారం ఎవరికీ ఉండకూడదు. అలాంటి ఖైదీ తల్లి చనిపోతే? పోలీసు కాపలాతో తీసుకెళ్లి, కర్మ చేయించి, ఆ పూటే తిరిగి తీసుకురావాలి. ఆ పాప ఇంటివాళ్లకు ముందే చెప్పాలి, అతను వాళ్ల వీధి దరిదాపుల్లోకి రాకూడదు. ఈ మాట రాయడం సులభం కాదు, వరంగల్‌లో చదివే చాలామందికి నచ్చకపోవచ్చు. అయినా చనిపోయిన తల్లి మొహం చూడనివ్వకపోవడం ఆ తీర్పులో రాసిన శిక్ష కాదు.

గొర్రెకుంట కేసు ఇంకో చిక్కు తెస్తుంది. చనిపోయినవాళ్ల బంధువులు ఉన్నది బెంగాల్‌లో, బిహార్‌లో, త్రిపురలో. ఎప్పటికైనా ఆ కేసులో ఒక అర్జీ వస్తే, వాళ్లను వెతికి, వాళ్ల భాషలో ఉత్తరం రాసి, వీడియోలోనైనా వాళ్ల మాట వినే ఏర్పాటు తెలంగాణ హోం శాఖకు ఉందా? బతుకుదెరువుకు వచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయినవాళ్ల కోసం ఈ రాష్ట్రం చేయాల్సిన కనీస పని అది. ఇప్పుడు పోలీసు స్టేషన్ నుంచి వచ్చే నివేదికలో సాధారణంగా శాంతిభద్రతల సమస్య ఉందనో లేదనో రెండు ముక్కలుంటాయి. ఆ రెండు ముక్కల మీద ఒక మనిషి స్వేచ్ఛా, ఇంకో ఇంటి భద్రతా ఆధారపడి ఉన్నాయి. శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం కారణాలతో సహా ఉండాలని, దాన్ని మొక్కుబడిగా తీసుకోకూడదని 2022లో రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలులో ఖైదీని రోజూ చూసే వార్డరు, వైద్యుడు, మానసిక నిపుణుడు చెప్పేదీ ఆ ఫైలులోకి రావాలి. ఎమ్మెల్యేల, ఎంపీల సిఫారసు లేఖ వస్తే ఆ లేఖ వచ్చినట్టు కూడా రాసి పెట్టాలి. ఎవరు రాశారో జనానికి తెలిస్తే రాసేవాళ్లు తగ్గుతారు.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేయించింది. శిక్ష తగ్గింపు విధానం ఉన్న రాష్ట్రాలు అర్హులైన ఖైదీలందరి పేర్లూ అర్జీ లేకపోయినా పరిశీలించాలని, నిర్ణయానికి కారణాలు రాసి ఖైదీకి తెలపాలని చెప్పింది. అంటే పలుకుబడి లేనివాళ్ల ఫైళ్లు కూడా ఇక కదలాలి. మంచి మాట. అదే కాగితం నకలు ఒకటి, అదే రోజు, చనిపోయినవాళ్ల ఇంటికి కూడా పంపడానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు.

మిర్యాలగూడ ప్రణయ్ పరువు హత్య కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఏదో ఒక రోజు ఆ ఆరుగురిలో ఎవరో పెరోల్ అడుగుతారు. అడిగే హక్కు వాళ్లకుంది. ఆ రోజు ముఖ్యమంత్రి కుర్చీలో ఎవరుంటారో చెప్పలేం, ఏ కులం ఒత్తిడి తెస్తుందో చెప్పలేం. ఆ అర్జీ హోం శాఖకు చేరకముందే, వచ్చే విడుదల జాబితా తయారు కాకముందే, బాధిత కుటుంబాలకు కనీసం నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, ప్రతి నిర్ణయానికీ కారణాలు జైళ్ల శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలని ఒక జీవో జారీ చేయండి. చర్లపల్లిలో 213 కుటుంబాల గోడు విన్న ప్రభుత్వాన్ని వరంగల్ అడుగుతున్నది అదే.